సంచి ముందు కొన్నవాడు

డెబ్బై లీటర్ల సంచి కొన్నాక దాన్ని సగం ఖాళీగా వదిలేయడం నా వల్ల కాలేదు. బీరువాలో ఒక అర ఖాళీగా కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి సర్దేదాకా ఊరుకోని ఇల్లు మాది. సంచి ఇంటికొచ్చిన రాత్రే దాన్ని హాల్లో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసుకుని, ఇందులో ఏమేం పడతాయా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఎక్కడికి వెళ్తున్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలీదు. డార్జిలింగ్ దగ్గర సందక్‌ఫూ అనే కొండ ఉందని, దాని మీంచి కాంచన్‌జంగా కనిపిస్తుందని ఆఫీసులో ఎవరో ఫోటోలు చూపించారు. అంతే. నేను వృత్తిరీత్యా ఆడిటర్ని. పరాయి కంపెనీల పుస్తకాల్లో ‘ఇది ఎందుకు కొన్నారు, ఎవరు అడిగారు’ అని ఎర్రసిరాతో రాసే మనిషిని. నా సొంత కొనుగోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ సిరా ఎండిపోయింది.

షాపు కుర్రాణ్ణి తప్పుపట్టడానికి లేదు. “ఎన్ని రోజుల ట్రెక్కు సార్?” అని అడిగాడు. “వారం” అన్నాను, కొంచెం ఛాతీ విరుచుకుని. “వారమంటే డెబ్బై లీటర్లు తీసుకోండి సార్, వానకి కవర్ కూడా వస్తుంది” అన్నాడు. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారు, తిండి ఎక్కడ తింటారు, నీళ్ళు ఎక్కడ పట్టుకుంటారు అని అతను అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. సంచి ఎంత ఉండాలన్నది రోజులను బట్టి కాదనీ, దారిలో ఒక మనిషి ఇంటికీ ఇంకో మనిషి ఇంటికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి అనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సాయంత్రానికి ఇంత అన్నం, పడుకోవడానికి మంచం దొరికే దారైతే నెల్లాళ్ళ నడకకైనా ముప్పై ఐదు లీటర్ల సంచి చాలు.

ఆ సంచి ఖాళీగానే రెండు కిలోల పైన తూగింది. లోపల అల్యూమినియం చట్రం, బయట లెక్కలేనన్ని జిప్పులు, దేనికో తెలియని పట్టీలు. తర్వాత డేరా కొన్నాను. ఒక్కణ్ణే వెళ్తున్నా ఇద్దరు పట్టే డేరా. ఒకరు పట్టేది ఖరీదెక్కువ, ఇద్దరు పట్టేది తగ్గింపులో వచ్చింది. అది మూడు కిలోల పైమాట. ఆ తర్వాత స్లీపింగ్ బ్యాగు, చిన్న గ్యాసు స్టవ్వు, దాని మీద పెట్టడానికి గిన్నెలు, గిన్నెలు తోమడానికి పీచు, మడతపెట్టే కుర్చీ, గొడ్డలి. అవును, గొడ్డలి. అడవిలో దేనికైనా పనికొస్తుందనుకున్నాను. అడవిలో చెట్టు మీద గొడ్డలి వేస్తే కేసవుతుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. దాన్ని ఆఖరి నిమిషంలో మా ఆవిడే తీసి మంచం కిందికి తోసింది.

“మీరు నడవడానికి వెళ్తున్నారా, కాపురం పెట్టడానికి వెళ్తున్నారా?” అంది.

“కొండల్లో ఏదైనా అవసరం పడొచ్చు” అన్నాను.

“పడితే ఊరివాళ్ళని అడగరా?”

ఆ ప్రశ్నలో ఉన్న విజ్ఞానం నాకు ఎక్కలేదు. నేను ఊహించుకున్న హిమాలయాల్లో ఊళ్ళు లేవు. మంచు, నేను, నా డేరా మాత్రమే ఉన్నాయి. సంచిలో ఒక్కో వస్తువు వెనకా ఇలాంటి ఊహ ఒకటి ఉంది. వాన పడి జీన్సు తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జీన్సు. అదీ తడిస్తే మూడోది. నూలు బట్ట తడిస్తే బరువెక్కుతుంది, చలిలో ఎంతకీ ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది, కాబట్టి కొండల్లో జీన్సే వేసుకోకూడదు అన్నది ఎవరైనా చెప్పే మాట. నేను ఎవర్నీ అడగలేదు. రెండు పాలియెస్టర్ చొక్కాలు వంతులవారీగా ఉతుక్కుంటే సరిపోయేచోట ఆరు కాటన్ బనియన్లు సర్దాను.

బయల్దేరే ముందు సామాను తూచే కొక్కెం కాటాకి సంచి తగిలించాను. పందొమ్మిది కిలోలు. నీళ్ళు ఇంకా పొయ్యలేదు. మోసే బరువు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని నడిచేవాళ్ళు చెప్పుకునే లెక్క ఒకటుంది. నా అరవై ఎనిమిది కిలోలకి అది పదమూడున్నర. లెక్క తెలిసీ నవ్వుకున్నాను. ఆ లెక్క సామాన్యులకి, మనం రోజూ కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగేవాళ్ళం కదా అనుకున్నాను.

విమానాశ్రయంలోనే మొదటి పాఠం మొదలైంది. గ్యాసు డబ్బా విమానంలోకి రానివ్వరు, క్యాబిన్లోనూ కాదు, చెక్-ఇన్‌లోనూ కాదు. రైల్లోనూ నిషేధమే. ఈ నిబంధన దాచిపెట్టినది కాదు, పెద్ద అక్షరాలతో బొమ్మ వేసి మరీ గోడకి అంటిస్తారు. డబ్బా అక్కడే వదిలేశాను. స్టవ్వు మాత్రం నాతో డార్జిలింగ్‌కి దగ్గరి విమానాశ్రయం బాగ్‌డోగ్రా దాకా వచ్చింది. గ్యాసు లేని స్టవ్వు, దాని మీద పెట్టే గిన్నెలు, ఆ గిన్నెల పీచు, అన్నీ కలిసి కొండెక్కాయి.

సందక్‌ఫూ దారి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మూర్ఖత్వం లోతు తెలియదు. డార్జిలింగ్ నుంచి జీపులో మానేభంజన్ అనే చిన్న బజారు ఊరికి చేరతాం. అది సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి సింగలీలా కొండల వరస మీదుగా, భారత్–నేపాల్ సరిహద్దు వెంబడే దారి సాగుతుంది. పొద్దున టీ ఇటు తాగి, మధ్యాహ్నం మోమోలు అటు తినొచ్చు. తుమ్లింగ్ ఊరు నేపాల్‌లోనే ఉంటుంది. చివర సందక్‌ఫూ 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు. తెల్లవారుజామున ఒకవైపు 8,586 మీటర్ల కాంచన్‌జంగా, ఇంకోవైపు మకాలు, లోట్సే, ఎవరెస్టు కనిపిస్తాయి. ఫోటోల్లో ఇవన్నీ ఉన్నాయి. ఫోటోల్లో లేనిది ఏమిటంటే, మానేభంజన్ నుంచి సందక్‌ఫూ దాకా జీపు రోడ్డు ఉంది. బ్రిటన్‌లో తయారైన పాతకాలపు ల్యాండ్ రోవర్లు దశాబ్దాలుగా ఆ దారిలో మనుషుల్నీ బియ్యం బస్తాల్నీ మోస్తున్నాయి. దారి పొడుగునా చిత్రే, మేఘ్మా, తుమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖ్రీ, ఎక్కడ ఆగినా టీ కొట్టో, బస చేసే ఇల్లో ఉంటుంది.

అంటే ఆ దారిలో డేరా మోసుకెళ్ళడం సికింద్రాబాద్ నుంచి విజయవాడ రైల్లో వెళ్తూ రైలు ఆగిపోతుందేమోనని భుజాన సైకిలు వేసుకోవడం లాంటిది.

దారి జాతీయ ఉద్యానవనం గుండా పోతుంది కాబట్టి మానేభంజన్‌లో గైడుని తీసుకోవడం తప్పనిసరి. నాకు దొరికిన కుర్రాడు నా సంచిని చూసి ఏమీ అనలేదు. ఒకసారి ఎత్తి చూసి దించాడు. అతని వీపున పిల్లలు బడికి తీసుకెళ్ళేంత సంచి, చేతిలో గొడుగు. “గొడుగా, కొండల్లోనా?” అని నేను మనసులో నవ్వుకున్నాను. మానేభంజన్ నుంచి చిత్రే దాకా మూడు కిలోమీటర్లు నిట్టనిలువు. మొదటి మలుపుకే భుజాల పట్టీలు కోయడం మొదలుపెట్టాయి. బరువు భుజాల మీద కాదు, నడుం పట్టీ మీద ఆనాలని ఆ కుర్రాడే ఆపి పట్టీలు సవరించాడు. మూడో మలుపులో వెనక నుంచి ల్యాండ్ రోవర్ వచ్చింది. అందులో కోల్‌కతా నుంచి వచ్చిన ఒక కుటుంబం, ముసలావిడతో సహా, జంతికలు తింటూ నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఊపాక ఊపిరి మిగలనందుకు కాసేపు కూచున్నాను.

తుమ్లింగ్ చేరేసరికి పొద్దు వాలింది. బస ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. డేరా ఎక్కడ వేసుకోమంటారని గైడు చేత అడిగించాను. ఆవిడ నన్ను, సంచిని, మళ్ళీ నన్ను చూసి, లోపల మంచాలున్నాయి కదా అంది. మంచం, రెండు రజాయిలు, వేడి అన్నం, పప్పు, ఆవాకు కూర. అన్నంలోకి నేను తీసిన కందిపొడి ఒక్కటే ఆ రాత్రి నా సంచిలోంచి పనికొచ్చిన వస్తువు. మన పొడుల్లో ఒక గొప్పతనం ఉంది. తడి లేదు, బరువు లేదు, పాడవదు, రెండు చెంచాలు చాలు. మా అమ్మమ్మ కాలంలోనే కనిపెట్టేసిన ట్రెక్కింగ్ తిండి అది. నేనేమో దాంతోపాటు గాజు సీసాలో ఆవకాయ కూడా మోశాను.

ఆ డేరా మానేభంజన్ నుంచి ఫాలూట్ దాకా, ఫాలూట్ నుంచి గోర్ఖే మీదుగా శ్రీఖోలా దాకా సంచి దాటి బయటికి రాలేదు. ఒకసారి మాత్రం నడిరోడ్డు మీద సంచి దులుపుతుంటే కిందపడింది. అప్పుడు చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు దాని ధర అడిగారు.

ఇదంతా వస్తువుల గొడవ. దారి లెక్కలో చేసిన తప్పు ఇంతకన్నా చిన్నది కాదు. ఆడిటర్ని కాబట్టి ఒక పట్టిక తయారుచేసుకున్నాను. మానేభంజన్ నుంచి తుమ్లింగ్ పదకొండు కిలోమీటర్లు. పార్కులో గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తాను. పదకొండుని అయిదుతో భాగిస్తే రెండుంబావు గంటలు. కాబట్టి పదింటికి బయల్దేరినా భోజనం వేళకి చేరతాను. ఆ కాగితాన్ని లామినేట్ కూడా చేయించాను.

1892లోనే విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండలెక్కేవాడు దీనికో సూత్రం చెప్పాడు. అయిదు కిలోమీటర్లకి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. నా పదకొండు కిలోమీటర్లలో ఎక్కవలసింది దాదాపు 950 మీటర్లు. అంటే ఇంకో గంటన్నర పైన కలపాలి. అది కూడా గట్టి కాళ్ళున్నవాడికి, తేలిక సంచితో, ఆగకుండా నడిస్తే. టీలకి, ఫోటోలకి, ఆయాసానికి, పొగమంచులో దారి కనబడక నిలబడటానికి వేరే లెక్క. నేను ఏడు గంటలు నడిచాను.

రెండో తప్పు ఇంకా తెలివైనది. తుమ్లింగ్ 2,970 మీటర్లు, సందక్‌ఫూ 3,636. తేడా 666. ఫర్వాలేదు, ఒక్కరోజులో ఎక్కేద్దాం అని పట్టికలో రాసుకున్నాను. మొదలు ఎత్తుని చివరి ఎత్తులోంచి తీసేయడం మాలాంటివాళ్ళ జబ్బు. మొదటి తారీఖు నిల్వ, చివరి తారీఖు నిల్వ చూసి మధ్యలో ఏం జరిగిందో వదిలేసే ఆడిటర్ని ఎవరైనా ఉద్యోగంలో ఉంచుతారా? తుమ్లింగ్ దాటాక దారి గైరీబాస్‌కి దిగిపోతుంది. దాదాపు మూడున్నర వందల మీటర్లు, ఎంతో కష్టపడి ఎక్కినదంతా మోకాళ్ళు నొప్పెట్టేలా దిగాలి. అక్కడి నుంచి మళ్ళీ వెయ్యి మీటర్లు ఎక్కాలి. దూరం పందొమ్మిది కిలోమీటర్లు. మ్యాపులో కాంటూర్ గీతలు, బడిలో సమోన్నత రేఖలని చదువుకున్నవే, వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఉంటే ఇది ఇంట్లోనే తెలిసేది. ఎక్కడ గీతలు దగ్గర దగ్గరగా ఒత్తుకుని ఉంటే అక్కడ కాళ్ళు వణుకుతాయి. అంతకుమించి మ్యాపు చదవడంలో రహస్యం లేదు.

పైగా మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తుని రోజుకి అయిదొందల మీటర్లకి మించి పెంచకూడదని కొండల వైద్యం చెబుతుంది. గాలి పల్చనవుతుంది, తలనొప్పి, వికారం మొదలవుతాయి. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. నా లామినేట్ కాగితం ఈ నియమాన్ని కూడా దాటేసింది. గైరీబాస్ దగ్గర గైడు దాన్ని తీసుకుని చదివి, మడవడానికి చూశాడు. మడత పడలేదు. తన సంచిలో పెట్టుకుని, “ఇవాళ కాలీపోఖ్రీలో ఆగుతాం సాబ్” అన్నాడు. ఆ నల్లటి చెరువు పక్కన బసలో ఆ రాత్రి నాకు తల పగిలిపోయింది. సందక్‌ఫూలో పడుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించదలచుకోలేదు.

నీళ్ళ సంగతి చెప్పి ఈ యాత్ర ముగిస్తాను. మానేభంజన్‌లో నాలుగు లీటర్లు నింపుకున్నాను. లీటరంటే కిలో, ఇందులో తేలిక రకం, ఖరీదు రకం అంటూ ఉండవు. దారిలో ప్రతి గంటకీ టీ కొట్టున్న చోట నాలుగు కిలోల నీళ్ళు మోశాను. సందక్‌ఫూ నుంచి ఫాలూట్ ఇరవయ్యొక్క కిలోమీటర్లు, అంతా కొండ వెన్ను మీద నడక. వెన్ను మీద వాగులుండవు, వాగులు కిందికి పోతాయి. ఆ దారిలో నీళ్ళు దొరకడం కష్టం. అప్పటికి వీపు వాచి ఉంది కాబట్టి ఆ రోజు తెలివిగా ఒక్క లీటరే తీసుకున్నాను. దొరికేచోట మోసి, దొరకనిచోట మానేశాను. సగం దారి గైడు సీసాతో నడిచాను.

తిరిగొచ్చాక బుద్ధొచ్చింది. వచ్చిన బుద్ధి అక్కడితో ఆగితే బాగుండేది, ఇంకొంచెం ముందుకెళ్ళి పిచ్చిగా మారింది. తేలిక సంచుల శాస్త్రం చదవడం మొదలుపెట్టాను. నీళ్ళు, తిండి, ఇంధనం మినహా మిగతా సామాను నాలుగున్నర కిలోలలోపు ఉంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. 1992లో రే జార్డిన్ పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ మీద రాసిన పుస్తకంతో అమెరికాలో ఇదొక మతంలా పాకింది. మతమన్నాక ఛాందసులు ఉంటారు. నేను అందులో చేరాను. వంటింటి కాటా పట్టుకుపోయి సాక్సులు తూచాను. టూత్‌బ్రష్ పిడి కోశాను. చొక్కాల లేబుళ్ళు కత్తిరించాను, ఆ తర్వాత ఏది ఏ సైజో తెలియక అవస్థ పడ్డాను. స్టీలు గ్లాసుకి బదులు టైటానియం మగ్గు తెప్పించాను. డెబ్బై గ్రాములు కలిసొచ్చాయి. ఖరీదు చెప్పను, మా ఇంట్లో ఈ వ్యాసం చదువుతారు. ఇదంతా కుర్చీలో కూచుని చేశాను కాబట్టి ఆ ఏడాది నా పొట్ట నాలుగు కిలోలు పెరిగింది. ఆ బరువు నా సామాను పట్టికలో ఎక్కడా కనబడలేదు.

ఆ మతంలో ఒక దేవత ఉంది, ఆవిడ మీద మాత్రం నాకు నిజమైన భక్తి. ఎమ్మా గేట్‌వుడ్. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైతు కుటుంబం, పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, అరవై ఏడేళ్ళ వయసులో, ఒంటరిగా సుమారు 3,300 కిలోమీటర్ల అప్పలాచియన్ ట్రయిల్ మొత్తం నడిచింది. కాళ్ళకి కాన్వాసు బూట్లు. భుజాన తనే కుట్టుకున్న డెనిమ్ సంచి. డేరా లేదు, వానకి స్నానాలగది ప్లాస్టిక్ కర్టెన్ కప్పుకునేది. ఆవిడ దగ్గర టైటానియం ఏమీ లేదు. నేను ఆవిడ కథ చదివి నేర్చుకున్నది ఏమిటయ్యా అంటే, ఇంకా తేలికైన స్లీపింగ్ బ్యాగు కొనాలని.

కొన్నాను. లేబుల్ మీద పెద్ద అక్షరాలతో మైనస్ 13 అని ఉంది. బరువు తక్కువ, ధరా తక్కువ. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి ఎక్కే కేదార్‌కాంఠాకి దాన్ని తీసుకుని చలికాలంలో వెళ్ళాను. కింద పరిచే ఫోమ్ చాప నాలుగొందల గ్రాములుంటుందని ఇంట్లో వదిలేశాను. జూడా కా తాలాబ్ దగ్గర మంచు మీద డేరాలో పడుకున్నాను. ఈసారి డేరా నిజంగా అవసరమే. అర్ధరాత్రికి పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. టార్చి వేసి లేబుల్ మళ్ళీ చదివాను. దాని మీద మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ 5, లిమిట్ 0, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 13. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి. లిమిట్ అంటే ముడుచుకు పడుకుంటే గడిచే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతున్నా రాత్రికి ప్రాణం మాత్రం మిగిలే చలి. కొనేటప్పుడు చూడవలసింది మొదటి అంకె, కొట్లో కనబడేలా రాసేది మూడోది. కంపెనీ అబద్ధం చెప్పలేదు. నాకు కావలసిన అంకె నేను చదువుకున్నాను. ఇక ఫోమ్ చాప లేకపోతే ఎంత మంచి బ్యాగైనా వీపు కింద పనిచేయదు. మన బరువుకి అందులో దూది నలిగిపోతుంది, గాలి పట్టుకునే చోటు ఉండదు, నేల మన వేడిని తాగేస్తుంది. ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, ఖాళీ చేసిన సంచిని కింద పరుచుకుని కూచున్నాను. పొద్దున్నే పక్క డేరా అతను చెప్పాడు, మంచి బ్యాగులు, బూట్లు, జాకెట్లు కింద సాంక్రీలోనే అద్దెకిస్తారని. నేను రెండు రోజుల ముందు ఆ కొట్ల ముందు నుంచే నడిచి వెళ్ళాను.

నల్లమలకి ఆ తర్వాత శివరాత్రికి వెళ్ళాను. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట అది. శివరాత్రికి రాయలసీమ భక్తులు, ఉగాదికి కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే కన్నడిగులు ఆ దారి పడతారు. నా వీపున ఈసారి చిన్న సంచే ఉంది, కానీ అందులో ప్రతిదీ ఒక ప్రత్యేకమైన చిన్న సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో. నాగలూటి దాటాక ఒక చెట్టు కింద వాటిని బయటికి తీసి ఏదో వెతుక్కుంటుంటే, పక్కన కూచున్న పెద్దాయన చాలాసేపు చూశాడు.

“ఏం నాయనా, ఈడ అంగడి పెడ్తాండావా?” అన్నాడు.

లేదు, మందులు వెతుకుతున్నానన్నాను. ఆయన దగ్గర ఒక గుడ్డ జోలె ఉంది. అందులో ఒక పంచె, దుప్పటి, రెండు నీళ్ళ సీసాలు, బెల్లం ముక్క, వేరుశనగలు. సీసాలు మనం తాగి పారేసే ప్లాస్టిక్ లీటరు సీసాలే. అలాంటి సీసా ఖాళీగా పాతిక ముప్పై గ్రాములుంటుంది, నా స్టీలు సీసా దానికి పదింతలు తూగుతుంది. వేరుశనగలు వంద గ్రాములకి అయిదొందల అరవై క్యాలరీలకి పైనే ఇస్తాయి. మోసే బరువుకి అంత శక్తినిచ్చే తిండి మన దగ్గర చవకలో అరుదు. ఆయనకి ఈ అంకెలేవీ తెలీవు. దారి తెలుసు. ఎక్కడ నీళ్ళ తొట్టి పెడతారు, ఎక్కడ అన్నదానం ఉంటుంది, భీముని కొలను మెట్లు ఎండెక్కకముందే ఎక్కెయ్యాలంటే ఎప్పుడు లేవాలి, అన్నీ తెలుసు. అందుకే ఆయన జోలె అంత చిన్నది. నా దగ్గర లేని వస్తువు ఆ దారి ఎరుక ఒక్కటే అనిపించింది, అది ఏ కొట్లోనూ దొరకదు.

ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, ఇదే ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం చేరాడు. పల్లకి, బోయీలు, వంద మంది దాకా పరివారం. తేలిక ప్రయాణం అని ఎవరూ అనరు. అయినా ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే నాకు సిగ్గేస్తుంది. ఏ మజిలీలో దిగడానికి వసతుంది, ఎక్కడ బావి ఉంది, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి రాతిదా ఇసుకదా, తర్వాతి మజిలీ ఎంత దూరం, అన్నీ పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. వంద మందిని నడిపించేవాడు దారి సంగతి అంత పట్టించుకున్నాడు. ఒక్కణ్ణి నడిపించుకోవలసిన నేను జిప్పుల సంగతి పట్టించుకున్నాను.

ఇప్పుడు ముందు మ్యాపు పరుచుకుంటాను. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో 1:50,000 రకం నడిచేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. రోజుకో ముక్కగా దారిని విడగొట్టి, ఒక్కో ముక్కలో ఎంత ఎక్కాలి, ఎంత దిగాలి, నీళ్ళు ఎక్కడ, కప్పు కింద పడక ఎక్కడ, ఒంట్లో బాగోకపోతే రోడ్డు మీద పడటానికి దగ్గర దారి ఏది, ఇవి రాసుకుంటాను. నైస్మిత్ లెక్కకి నా వయసుకీ పొట్టకీ సగం మళ్ళీ కలుపుతాను. ఆ కాగితం పూర్తయ్యేసరికి సామాను చిట్టా దానంతటదే తయారవుతుంది, చివర్న ఆ సామానుకి ఎంత సంచి కావాలో తెలుస్తుంది. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలంటే నా మటుకు బూట్ల మీద, చలి ప్రాంతమైతే స్లీపింగ్ బ్యాగు మీద. అదీ ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళకి అద్దె చాలు. వానకి సంచి లోపల చెత్తకి వాడే పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి వేసుకుంటే బయట కట్టే ఖరీదైన కవర్ల కన్నా నమ్మకం. గొడుగు కూడా పెడుతున్నాను. టైటానియం మగ్గులో మా ఆవిడ వంటింట్లో పోపు గింజలు పోసుకుంటోంది.

ఇన్ని చెప్పినా మొన్న ఒక దుకాణంలో ముప్పై గ్రాముల తలదీపం చూసి అరగంట నిలబడ్డాను. ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి. కొనలేదు అని రాయాలని ఉంది.

చివరగా ఒక మాట. నల్లమల దారి పులుల అభయారణ్యం లోపలిది. శివరాత్రి, ఉగాది రోజుల్లో తప్ప మామూలుగా నడవనివ్వరు. ఈసారి శివరాత్రికి వెళ్ళదలచినవాళ్ళు అటవీశాఖ దారి తెరిచే తేదీలు కనుక్కున్నాకే సంచి సంగతి చూడండి. అందులో ఏం పెట్టినా పెట్టకపోయినా రెండు లీటర్ల నీళ్ళకి చోటు ఉంచండి. నాగలూటికి, పెద్దచెరువుకి మధ్య మధ్యాహ్నం ఎండ మామూలుగా ఉండదు.